ఎర్రనీళ్ల విమానం

తడిబట్టల బకెట్టు అడుగున అన్నం గిన్నె పెట్టి, పైన పిండని దుప్పటి కప్పి, తిరుపాలమ్మ మెట్లెక్కింది. కువైట్‌లో, ఫింటాస్‌లోని ఆ మూడంతస్తుల ఇంటికి లిఫ్టు ఉండేది కానీ, ఇరాక్ సైనికులు వచ్చిన వారంలోనే దాని మోటారు విప్పుకుపోయారు. ఒక్కో అంతస్తు దగ్గర ఆగి, చెవి పెట్టి విని, మళ్లీ ఎక్కింది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కింద ఉండే ఈజిప్టు వాళ్లు కారు మీద పరుపులు కట్టుకుని జోర్డాను దారి పట్టారు. పైఅంతస్తులోని ఇంటి యజమానులు, అంటే తిరుపాలమ్మను పనికి రప్పించుకున్న కఫీల్ వాళ్లు, ఎండలకని లండను పోయి అక్కడే ఆగిపోయారు. రెండో అంతస్తులోని కెనడా ముసలాయన కూడా పారిపోయాడని సైనికులు అనుకున్నారు. వాళ్లు అలా అనుకోవాలనే తిరుపాలమ్మ ఆయన తలుపును సుత్తితో పగలగొట్టి, బీరువాలో తాను ఇస్త్రీ చేసిన చొక్కాలను తానే తీసి నేలమీద తొక్కింది. ఆ చొక్కాలు తొక్కుతున్నప్పుడు మాత్రం ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

ఆయన మిద్దెమీద బట్టలుతికే గదిలో ఉన్నాడు. తెల్లవాళ్లంతా వచ్చి హాజరు కావాలనీ, దాచినవాళ్లను ఉరి తీస్తామనీ రేడియోలో చెప్పిన రోజు నుంచీ అక్కడే ఉన్నాడు.

గదిలో పాత తివాచీలు చుట్టలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. వాటి వెనక ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చునేంత సందు. మిద్దె పెనంలా కాగుతోంది. ఏసీ వేస్తే చప్పుడు బయటికి పోతుందని, వాల్టర్ బనీను మీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. విమానాశ్రయంలో మంటలార్పే జట్టుకు పని నేర్పడం ఆయన ఉద్యోగం. తిరుపాలమ్మ వారానికి రెండుసార్లు ఆయన ఇల్లు తుడిచేది. ఇప్పుడు పూటపూటకూ అన్నం మోస్తోంది. ఆయన ఇంగ్లీషు, ఈమె వచ్చీరాని అరబ్బీ, మధ్యలో రెండు చేతులు, అదీ వాళ్ల భాష. ఆమె ఆయనను అందరు యజమానులను పిలిచినట్టే బాబా అంటుంది. ఆయన ఆమెను తిరూ అంటాడు.

"తిను బాబా. కారం ఎయ్యలా," అంది గిన్నె అందిస్తూ.

ఆయన రెండు ముద్దలు తిన్నాడో లేదో, సముద్రం మీదుగా హెలికాప్టరు వచ్చింది. గది రేకు అదిరింది. ఇద్దరూ తివాచీల వెనక నక్కి, అది జహ్రా వైపు పోయేదాకా ఊపిరి బిగబట్టారు. చప్పుడు సన్నగిల్లాక వాల్టర్ గిన్నె పక్కన పెట్టి ఒక లావాటి ఆల్బం ఒళ్లోకి లాక్కున్నాడు. ఇల్లు వదిలి మిద్దె ఎక్కేటప్పుడు ఆయన తెచ్చుకున్నది అదొక్కటే. పాస్‌పోర్టు కూడా తిరుపాలమ్మ గుర్తు చేస్తే తెచ్చుకున్నాడు.

ఆల్బం నిండా విమానాలు. తిరుపాలమ్మ ఎక్కి వచ్చినదానిలాంటివి కావు. ముక్కు ముందు, రెక్కల ముందు ఫ్యాను రెక్కలు ఉన్నవి, రంగు పెచ్చులూడినవి, బొజ్జ కింద నుంచి ఎర్రటి నీళ్లు కుమ్మరిస్తున్నవి. కింద చూస్తే కొండ, కొండ నిండా పొగ.

"ఇదేంది బాబా, ఇమానానికి ఏమయ్యింది, నెత్తురు కారతాండాది?"

వాల్టర్ కళ్లలో వెలుగు వచ్చింది. బట్టలు తోమే చెక్క బ్రష్షు తీసుకున్నాడు. దాని ముందు రెండు బట్టల క్లిప్పులు తగిలించి, వేలితో తిప్పి చూపించాడు. తువ్వాలును కుప్పగా పోసి కొండ చేశాడు. మగ్గులో నీళ్లు ముంచి బ్రష్షు కింద పట్టుకున్నాడు. నోటితో గుర్రుమని చప్పుడు చేస్తూ, కొండ కొసకు తగులుతుందా అన్నంత కిందికి దించి, మగ్గు వంచి, చటుక్కున పైకి లేపాడు. నీళ్లు సరిగ్గా తువ్వాలు వాలు పొడవునా పడ్డాయి. అరవై ఏళ్ల మనిషి చెయ్యి ఒక్క చుక్క పక్కకు పోనివ్వలేదు.

యుద్ధంలో బాంబులు మోసి ముసలివైపోయిన విమానాలవి. తుక్కుగా కరిగించబోతుంటే తెచ్చి, కడుపు కోసి, బాంబులుండే చోట నీళ్ల తొట్లు బిగించారు. అడవి అంటుకున్నప్పుడల్లా ఈయనా, ఈయన లాంటి మరికొందరూ వాటిని ఎక్కి పోయేవాళ్లు. ఇదంతా ఆమెకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక నోరు తెరిచింది.

"అడివికా? అడివికి అగ్గి పడితే ఇమానమా?" అంది. "మా పాలకొండల్లో ఎండాకాలం బోదగడ్డికి అగ్గి తగులుకుంటాది. ఊరు ఊరంతా పోయి పచ్చి మండలు ఇరుసుకోని కొట్టేదే. మొగాలు కమిలిపొయ్యేవి. మాకు ఇమానం యాడిది బాబా." తర్వాత ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసింది. "అయితే నీళ్లు ఎర్రగా ఎందుకుండాయి?"

మందు కలిపిన నీళ్లు ఎక్కడ పడ్డాయో పైనుంచి తెలియాలని రంగు కలుపుతారని ఆయన చెప్పబోయాడు. ఆమె వినలేదు. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. మగ్గు తీసుకుని ఆయన తల చుట్టూ మూడుసార్లు తిప్పి, గడప బయట పారబోసి చూపించింది.

"దిష్టి! అడివికి దిష్టి తీసినారు!"

ఇద్దరూ నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సైనికులు వచ్చాక తిరుపాలమ్మ నవ్వడం అదే మొదలు.

నవ్వు అయిపోయాక వాల్టర్ ఆల్బం మూసి ఆమె చేతిలో పెట్టాడు. కాల్చెయ్యి, అన్నాడు. ఆమెకు అర్థం కానట్టు చూస్తే, అగ్గిపుల్ల గీసినట్టు చూపించాడు. ఇవి యుద్ధ విమానాలు, వాళ్ల చేతికి చిక్కితే నన్ను మామూలు మనిషి అనుకోరు, సైన్యంలో పైలట్ అంటారు, పైలట్‌ను మిగతా తెల్లవాళ్లను ఉంచిన హోటలుకు తీసుకుపోరు, అన్నాడు. తీసుకుపోయి ఏం చేస్తారో చెప్పలేదు. లేచి వెళ్లి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఆమె ఆల్బం దుప్పటి కింద పెట్టుకుని, ఆయన మొహం చూడకుండా దిగిపోయింది.

*

చెత్తబండ్లు రావడం మానేశాక ఊళ్లో ఎవరి చెత్తను వాళ్లే కాల్చుకుంటున్నారు. ఆ ఇంటి వెనక ఖాళీ జాగాలో ఆ పని కాపలాదారు బుల్లిరాజుది. అమలాపురం వైపు మనిషి. మనసు వెన్నే కానీ, నోరు మాత్రం ఊరుకోదు.

"ఏటండీ తిరుపాలమ్మగారూ, చెత్తని కూడా చంటిపిల్లలాగ ఎత్తుకొత్తన్నారు? ఇలా పడేయండి."

"నేనే ఏస్తాలేన్నా."

ఆమె ఒళ్లోది ఏమిటో చూసి బుల్లిరాజు కర్ర ఆపాడు. వీధి వైపు ఒకసారి తొంగి చూసి వచ్చాడు.

"ఇది కొరివితో తల గోక్కోవడవండీ బాబూ. అందరూ బాగ్దాదు మీదుగా బస్సులెక్కి ఎల్లిపోతన్నారు. మనం కూడా ఎల్లిపోదాం రండి. ఆ ముసలాయనేవన్నా మీ మేనమామా, నా బాబాయా?"

"మనం పోతే ఆయప్పకు కూడు ఎవురు పెడతారన్నా?"

"అదీ నిజవేననుకోండి," అని బుల్లిరాజు కర్రతో మంట ఎగదోశాడు. అంతకు మించి ఆయన పోట్లాట ఎప్పుడూ సాగదు. పొద్దున తాను వెళ్దామన్న బస్సుకు వెళ్లకుండా, మధ్యాహ్నం బేకరీ ముందు నిలబడి, ముగ్గురికి సరిపడా ఖుబ్బూస్ రొట్టెలు తెచ్చేదీ ఆయనే.

తిరుపాలమ్మ పేజీలు చించి మంటలో వేసింది. ఫొటోలు ముడుచుకుపోయి, బుడగలు లేచి, నల్లటి కంపు పొగ వచ్చింది. కొండమీద నీళ్లు పోస్తున్నది పోయింది. వరసగా నిలబెట్టినవి పోయాయి. రెక్క మీద ఎవరో కూర్చుని బూట్లు ఊపుతున్నది పోయింది. ఆఖరి పేజీలో ఒకటే ఫొటో. పడుచు వాల్టర్. ఫ్యాను రెక్కకు చెయ్యి ఆనించి, టోపీ తీసి పట్టుకుని, పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతున్నాడు. మొహం మీద మసి.

ఆమె చెయ్యి మంట దాకా వెళ్లి ఆగింది.

"ఏసెయ్యండి మరి," అన్నాడు బుల్లిరాజు.

"బతికుండే మనిషి మొగాన్ని అగ్గిలో పెడతారా ఎవురన్నా? కొరివి పెట్టినట్టు కాదా?"

"ఫొటోయేనండీ."

"ఫొటో అయితే ఏమి? మొగం మొగమే గదా."

బుల్లిరాజు కర్రతో బూడిద కెలికాడు. అది పిచ్చి మాట అని ఆయనకూ అనిపించలేదు. ఆయన తల పక్కకు తిప్పుకున్నాక, ఆమె ఫొటో రవికలో దోపుకుని మెట్ల కింది తన గదికి పోయింది. అక్కడ రాయచోటి వీరభద్రస్వామి పటం ఉంది. దాని వెనక అట్ట తీసి, ఫొటో పెట్టి, మళ్లీ మేకులు వంచింది. సామి వెనకున్న మనిషికి సామే దిక్కు, ఇక తన బాధ్యత లేదన్నట్టు దణ్ణం పెట్టుకుంది.

*

మర్నాడు పొద్దున వాల్టర్ అడిగిన మొదటి మాట అదే. అన్నీ కాలిపోయాయా?

"ఖలాస్ బాబా," అంది తిరుపాలమ్మ, బట్టలు జాడిస్తూ. అబద్ధం ఆడేటప్పుడు చేతికి పని ఉంటే మేలని ఆమెకు తెలుసు.

ఆయన సరేనన్నట్టు తలూపాడు. గోడకు చేరబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆమెతో కాదు, ఎవరితోనూ కాదు. ఒక్కో విమానాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. మధ్యమధ్య కళ్లు తెరిచి ఆమెకు చేతులతో చెప్తున్నాడు. ఒకటి ఎప్పుడూ ఎడమకు ఒరిగేది, పట్టుకుని పట్టుకుని భుజం వాచేది.

"మాకూ ఒక ఎద్దు ఉన్నింది," అంది తిరుపాలమ్మ. "ఎడం పక్క కట్టినా కుడి పక్క కట్టినా ఎడమకే గుంజేది. మా నాయన దాన్ని తిట్టని దినం ల్యా. అమ్మమంటే మాత్రం అమ్మలా."

ఇంకొకటి నూనె కక్కేది, దిగేసరికి ఆయన మొహం మసి అయ్యేది. మరొకటి చలి పొద్దుల్లో లేచేది కాదు, ఆయన దాని ముక్కు నిమిరి బతిమాలేవాడు. దాని రెక్కలు తిరగడం మొదలైతే ఆ చప్పుడు కడుపులో వినబడేది. పొగలో చిక్కుకున్న జనం ఆ చప్పుడు వింటే చాలు, బయటికి వచ్చి దుప్పట్లు ఊపేవాళ్లు.

ఒకటి తిరిగి రాలేదు. దాంట్లో ఆయన స్నేహితుడు ఉన్నాడు. కొండ మలుపులో పొగ కమ్మి, రెక్క చెట్టుకు తగిలింది. ఏ మంట కోసం ఆ మనిషి పోయాడో, ఆ మంట మర్నాడు వానకు దానంతటదే ఆరిపోయింది. వాన, వాన, అని వేళ్లతో రాలుతున్నట్టు చూపిస్తూ వాల్టర్ ఏడ్చాడు. గొంతులోంచి చప్పుడు రాలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే మొహం మాత్రం కదలకుండా పెట్టుకున్నాడు. తిరుపాలమ్మకు అది వింతగా ఉంది. అంత దుఃఖాన్ని నోరు మూసుకుని ఎలా భరిస్తారో ఆమెకు తెలియలేదు. ఫొటో ఉందని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే కాల్చమంటాడని ఊరుకుంది.

*

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం సైనికుల లారీ ఇంటి ముందే ఆగింది. బుల్లిరాజు అప్పుడే ఖుబ్బూస్ తెచ్చి తిరుపాలమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు. తుపాకులతో వచ్చిన సైనికులు ఆయనను గోడకు నెట్టారు. రొట్టెలు కింద పడ్డాయి. ఒకడి బూటు వాటి మీద పడింది.

వెనక వచ్చిన ఆఫీసరు బొజ్జ మనిషి. మీసాలు నెరిశాయి. నల్లకళ్లద్దాలు తీయకుండానే గదంతా చూశాడు. కెనడా వాడు ఈ ఇంట్లోనే ఉన్నాడని మాకు చెప్పారు, ఎక్కడ, అని అడిగాడు. బుల్లిరాజు తెలియదన్నాడు. తిరుపాలమ్మ తెలియదంది. ఈలోగా ఒక సైనికుడు వెనక బంగారం ఉందేమోనని వీరభద్రస్వామి పటం గోడ మీద నుంచి లాగి, కత్తితో అట్ట ఊడబెరికాడు. ఫొటో కిందపడింది.

ఆఫీసరు వంగి తీసుకున్నాడు. విమానాన్ని చూశాడు, దాని పక్కన నవ్వుతున్న మనిషిని చూశాడు.

"తయ్యార్," అన్నాడు. పైలట్ అని. "ఎవడు వీడు?"

సైనికుడు తుపాకీ గొట్టం బుల్లిరాజు దవడ కింద పెట్టాడు. బుల్లిరాజు తిరుపాలమ్మ వైపు చూశాడు. చెప్పెయ్యమనీ కాదు, చెప్పొద్దనీ కాదు. అమలాపురంలో ఉన్న తన వాళ్లందరినీ ఒక్కసారిగా తలుచుకుంటున్నవాడిలా చూశాడు. తాను చేసిన పని ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక మొహాన్ని మంట నుంచి కాపాడబోయి ఇద్దరు మనుషులను గోడకు నిలబెట్టింది.

"నా బాబా," అంది. "నేను పని చేసిన ఇంటి బాబా. మాత్."

చచ్చిపోయాడు అని. ఆ మాట అన్న నాలుక చేదెక్కింది.

"చచ్చినవాడి ఫొటో నీ దేవుడి వెనక ఎందుకుంది?"

"మాలో పోయినోళ్లను దేవుని కాడ్నే పెట్టుకుంటాం," అని వచ్చిన అరబ్బీలో చెప్పింది. ఆఫీసరు నమ్మలేదు. నమ్మలేదని ఆమెకు కనబడుతూనే ఉంది. తుపాకీ గొట్టం దవడ కిందే ఉంది. ఇక చేసేదేమీ లేక, తిరుపాలమ్మ నేలమీద కూలబడి, రెండు చేతులతో గుండెలు బాదుకుని శోకం ఎత్తుకుంది.

"ఓ నాయనో... మమ్మల్నిడిసి యాడికి పోతివి నాయనా! అడివి తగలబడతాంటే ఆకాశాన తిరిగినోడా! ఎర్రనీళ్ల దిష్టి తీసి కొండను కాచినోడా! ఎడమకు గుంజే ఇమానాన్ని ఎద్దును తోలినట్టు తోలినోడా! నీ చప్పుడింటే జనమంతా దుప్పట్లు ఊపిరే, నీకు దుప్పటి కప్పేకి ఎవురొస్తిరి నాయనా..."

పోయినవాళ్లు చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా చెప్పి ఏడవడం ఆమె ఊరి పద్ధతి. వాల్టర్ రెండు రోజులుగా చెప్పినవన్నీ వరసగా వచ్చాయి. గొంతు మెట్ల గోడలకు కొట్టుకుని ఖాళీ ఇంట్లో అంతస్తు అంతస్తుకూ మోగింది.

ఆఫీసరు కళ్లద్దాలు తీశాడు. ఆయనకు ఆ మాటలు తెలియవు, ఆ ఏడుపు తెలుసు. ఆయన దేశం ఇంకో యుద్ధం నుంచి బయటపడి ఎంతో కాలం కాలేదు. అలాంటి ఏడుపు వినబడని వీధి ఆయన ఊళ్లో ఉండి ఉండదు. తలవంచి, "అల్లాహ్ యర్హమా," అన్నాడు, పోయినవాడికి శాంతి కోరుతూ. ఫొటోను దులిపి గూట్లో పెట్టాడు. చేత్తో సైగ చేస్తే తుపాకీ దిగింది. సైనికులు గుమ్మం దాటారు.

అక్కడ ఆపేస్తే సరిపోయేది. కానీ శోకం ఎత్తుకున్న ఆడమనిషి తనంతట తాను ఆపదు. ఇంకో ఆడమనిషి వచ్చి, చేతులు పట్టుకుని, చాలమ్మా చాలు అని దగ్గరకు తీసుకోవాలి. ఆమె ఎరిగినదంతా అదే. ఇక్కడ పట్టుకునే ఆడది లేదు. "ఎల్లిపోతన్నారండీ, చాలండీ తిరుపాలమ్మగారూ, ఆపెయ్యండి," అని బుల్లిరాజు నోట్లోనే గొణుగుతున్నాడు, ముట్టుకోవడానికి సంకోచపడి చేతులు నలుపుకుంటున్నాడు. ఆమెకు వినబడలేదు. ఇన్ని దినాల భయం, ఊళ్లో బిడ్డలు, తొక్కిన రొట్టెలు, అన్నీ కలిసి అబద్ధపు ఏడుపు లోపలి నుంచి నిజం ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకా గట్టిగా అరిచింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పరుగెత్తి దిగుతున్న అడుగులు.

వాల్టర్ ఉత్తకాళ్లతో వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. "ఆమెను వదలండి, నేను ఇక్కడున్నాను," అని అరుస్తున్నాడు. గుమ్మం బయట సైనికులను, వాళ్ల తుపాకులను దాటుకుని నేరుగా ఆమె ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతులు చూశాడు. నెత్తురు కోసం వెతుకుతున్నాడు.

తిరుపాలమ్మ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మిద్దెమీద తివాచీల వెనక కూర్చున్న మనిషికి కింద ఆడమనిషి కేకలు వినబడితే ఏమనుకుంటాడు? వాళ్ల దేశంలో ఇలా ఏడవరు. నోరు మూసుకుని ఏడుస్తారు. నిన్నే కళ్లారా చూసింది. చూసి కూడా ఆమెకు తట్టలేదు.

ఆఫీసరు వెనక్కి వచ్చాడు. గూట్లో ఫొటో చూశాడు, నేలమీద ముసలాయనను చూశాడు. ఆ రెండు మొహాలూ ఒకటేనని తెలియడానికి పెద్ద తెలివి అక్కరలేదు. ఆయన మొహంలో కోపం కంటే ముందు సిగ్గు లాంటిది వచ్చింది. ఇప్పుడే ఈ మనిషి ఆత్మశాంతికి ప్రార్థించాడు.

"ఈమెకు ఏమీ తెలియదు," అన్నాడు వాల్టర్, గూట్లోని ఫొటో చూసి, లేవకుండానే. "నేను ఒక్కడినే దాక్కున్నాను. ఒకప్పుడు మంటల మీదికి విమానంలో పోయేవాడిని, అంతే. సైనికుడిని కాదు." తర్వాత మళ్లీ ఆమె వైపు తిరిగాడు. చెంప మీద కొట్టినట్టు సైగ చేసి, "తిరూ, కొట్టారా?" అని అడిగాడు.

ఎవరూ ఆమెను ముట్టుకోలేదు. తల అడ్డంగా ఊపితే అది నిజం. ఊపితే ఆయన ఎందుకు దిగి వచ్చినట్టు? ఆమె వాల్టర్ కళ్లలోకి చూసింది. భయం లేదు ఆ కళ్లలో, ఆత్రం ఉంది. మెల్లగా చెయ్యి ఎత్తి ఎడమ చెంపకు ఆనించుకుని, అవునన్నట్టు తలూపింది.

ఆఫీసరు ఆమె వైపు చూశాడు. ఆమె ఆయనను చూడలేదు. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "వీడు ఒక్కడే దాక్కున్నాడట. వీడినొక్కడినే ఎక్కించండి," అన్నాడు సైనికులతో.

వాల్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, అంతా అయిపోయింది, ఇంకేం భయం లేదు అన్నట్టు తట్టాడు. ఆ తట్టడంలో ధీమా ఉంది. లారీ ఎక్కి సైనికుల మధ్య కూర్చున్నాక కూడా గుమ్మం వైపు చూసి తలూపాడు. లారీ సముద్రం రోడ్డు మీదికి మలుపు తిరిగింది.

బుల్లిరాజు కింద పడిన రొట్టెలు ఏరుతూ ఏరుతూ ఆగి అడిగాడు. "అదేటండీ తిరుపాలమ్మగారూ, మీ మీద ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు కదండీ. కొట్టారని చెప్పారేటి?"

"కొట్టలేదంటే ఆయప్ప ఊరికే దిగొచ్చినట్టు కాదా అన్నా?" అంది తిరుపాలమ్మ.

బుల్లిరాజు రొట్టెల మీది మట్టి దులిపాడు. ఆమె చెయ్యి ఇంకా చెంప మీదే ఉంది.